గొంతు నొప్పి నుంచి గుండె లయ దాకా – రక్తపరీక్ష చీటీ చదవడం ఎలా?

మన వంటి సంఘాలకు వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల వెనుక కొన్ని జిరాక్సు కాగితాలు పిన్ను చేసి ఉంటాయి. రక్తపరీక్ష చీటీ, ఈసీజీ పట్టీ, ఎకో రిపోర్టు, చివర ఆపరేషన్ ఖర్చు అంచనా. దాతలు సహజంగా ఆ చివరి కాగితమే చూస్తారు. ముందున్న కాగితాలు డాక్టర్లకే అర్థమవుతాయని పక్కన పెట్టేస్తారు. వాటిలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, ఏఎస్‌ఓ, ఏఎఫ్ అనే నాలుగు మాటలు తరచు కనిపిస్తాయి. ఈ నాలుగూ తెలిస్తే, మనం ఇచ్చే రూపాయి ఏ దశలో ఇస్తే ఎక్కువ పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. నేను వైద్యుణ్ణి కాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. కాబట్టి పాఠం చెప్పినట్టే చెబుతాను. మందుల విషయంలో మాత్రం చివరి మాట డాక్టరుదే.

ముందు గుండె లయ. పదో తరగతి పుస్తకంలో ఉన్నదే. గుండెలో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి కర్ణిక పైభాగంలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం ఉంటుంది. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం ముందు కర్ణికలను, తర్వాత జఠరికలను ముడుచుకునేలా చేస్తుంది. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. కొందరిలో ఈ ఒక్క చోటు అదుపు పోయి, కర్ణికల్లో ఎక్కడికక్కడ సంకేతాలు పుడతాయి. నిమిషానికి 350 నుంచి 600 దాకా. అప్పుడు కర్ణిక ముడుచుకోదు, ఊరికే వణుకుతుంది. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. కాగితం మీద రాసే ఏఎఫ్ ఇదే. వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

నాడి పట్టుకుంటే ఇది చాలాసార్లు తెలుస్తుంది. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి అర నిమిషం లెక్కపెట్టండి. ఏఎఫ్ ఉన్నవారిలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య దూరం సమంగా ఉండదు, ఆ తేడాకు ఒక వరస కూడా ఉండదు. మన పెద్దలు హకీం దగ్గరికి పోయి నబ్జ్ చూపించుకునేవారు. వెయ్యేళ్ల కిందటే ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో నాడిని సంగీతంతో పోల్చి, జింక నడక, చీమ నడక, అల అంటూ రకాలు చెప్పారు. వేళ్ల కొసలతో లయను గుర్తించే ఆ అలవాటు ఇప్పుడు మన ఇళ్లలో పోయింది. బీపీ మిషన్ తెర మీద అంకెలు చూసి ఊరుకుంటున్నాం.

కాపలాదారు చేసే పొరపాటు

ఇక రోగనిరోధక వ్యవస్థకూ గుండె లయకూ సంబంధం ఏమిటి? ప్రపంచంలో చాలా చోట్ల దీని మీద పరిశోధన జరుగుతోంది. ఇటలీ వైద్యులు 1997లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పైకి మరే గుండె జబ్బూ లేకుండా లయ మాత్రమే తప్పిన 12 మంది కర్ణికల నుంచి సన్నని ముక్కలు తీసి పరీక్షించారు. 8 మందిలో గుండె కండరంలో వాపు కనిపించింది. అంటే లయ తప్పడం ఒట్టి కరెంటు సమస్య కాకపోవచ్చు, దాని కింద వాపు ఉండవచ్చు. ఆ తర్వాత వాపును చూపే రక్త గుర్తుల వైపు పరిశోధకులు మళ్లారు. సీఆర్‌పీ వాటిలో ఒకటి. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. కాలేయానికి ఆ ఆజ్ఞ ఇచ్చే సంకేతం పేరు ఇంటర్‌ల్యూకిన్-6. ఈ రెండూ ఎక్కువగా ఉన్నవారిలో ఏఎఫ్ కూడా ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి.

మరి ఇది అన్ని జాతుల వారికీ ఒకేలా వర్తిస్తుందా? అమెరికాలో మీసా అనే పెద్ద అధ్యయనం 2000లో మొదలైంది. 45 నుంచి 84 ఏళ్ల వయసున్న 6,814 మంది స్త్రీపురుషులు. తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనా మూలాల వారు. నల్లవారిలో రక్తపోటు ఎక్కువ. అయినా ఏఎఫ్ మాత్రం తెల్లవారిలోనే ఎక్కువగా బయటపడింది. ఇంగ్లండులోని భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కుటుంబాల విషయంలోనూ ఇదే చిక్కు. షుగరు ఎక్కువ, గుండెపోటు ఎక్కువ, ఏఎఫ్ మాత్రం తక్కువ. 2001లో వెలువడిన అక్కడి అధ్యయనం ఒకటి, భారతీయ మూలాల వారిలో సీఆర్‌పీ తెల్లవారి కంటే ఎక్కువని, ఆ తేడాకు ముఖ్య కారణాలు పొట్ట చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడమని తేల్చింది. వాపు గుర్తు ఎక్కువ, లయ జబ్బు తక్కువ! ఈ ముడి ఇంకా విడలేదు. మీసాలో మనవాళ్లు ఒక్కరూ లేకపోవడంతో 2010లో దక్షిణాసియా వారి కోసమే మరో అధ్యయనం ప్రారంభించారు. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల నుంచి 906 మందిని తీసుకున్నారు. ఆంగ్ల అక్షరాలు కలిపితే దాని పేరు ‘మసాలా’. పేరు పెట్టినవారి హాస్యానికి మెచ్చుకోవాలి.

అయితే అమెరికాలోని సాఫ్ట్‌వేరు ఉద్యోగి గుండె వేరు, ఇస్నాపూర్‌లో ఒకే గదిలో ఎనిమిది మందితో ఉండే కూలీ బిడ్డ గుండె వేరు. ఇక్కడ జాతి కంటే గదే ముఖ్యం. ఏఎఫ్ రోగులపై అనేక దేశాల్లో జరిపి 2014లో ప్రచురించిన ఒక నమోదు అధ్యయనంలో ఉత్తర అమెరికా రోగుల్లో రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవారు నూటికి 2 మంది. భారతదేశంలో నూటికి 31 మంది దాకా. అంటే మన దగ్గర లయ తప్పిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి ఆ జబ్బు చిన్నప్పటి గొంతు నొప్పి నుంచి వచ్చిందే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

కథ ఇలా సాగుతుంది. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరుతుంది. ఇరుకు గదుల్లో ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. నాలుగు రోజులు గొంతు నొప్పి, జ్వరం. ఇంట్లో పసుపు పాలు ఇస్తారు, తగ్గిపోతుంది. ఈలోగా రోగనిరోధక వ్యవస్థ ఆ బాక్టీరియా మీద ఉండే ‘ఎం’ అనే ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకొని ఆయుధాలు సిద్ధం చేసింది. దురదృష్టం ఏమిటంటే ఆ ప్రోటీన్ మన గుండె కండరంలోని మయోసిన్‌ను పోలి ఉంటుంది. రెండు మూడు వారాల తర్వాత కాపలాదారు దొంగను వదిలి ఇంటివాడినే కొడతాడు. కీళ్లు వాస్తాయి. ఒక కీలు తగ్గితే ఇంకో కీలు. ఇది రుమాటిక్ జ్వరం. కీళ్లు మళ్లీ మామూలుగా అవుతాయి, గుండె కవాటం మాత్రం కాదు. జ్వరం మళ్లీ మళ్లీ వస్తే ఎడమవైపు ద్విపత్ర కవాటం మందమై ఇరుకవుతుంది. ఇరుకు కవాటం వెనుక ఎడమ కర్ణిక ఉబ్బుతుంది. ఉబ్బిన కర్ణికలో లయ తప్పుతుంది. పన్నెండేళ్ల గొంతు నొప్పి ముప్పై ఐదేళ్లకు ఏఎఫ్ అవుతుంది. మామూలు ఏఎఫ్‌లో పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లయితే, ద్విపత్ర కవాటం ఇరుకైన వారిలో అది 17 రెట్లని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1978లోనే తేల్చింది.

గొంతు నొప్పి వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఇలా కాదు. కొద్దిమందికే. ఎవరికి? ఇక్కడే జాతుల ప్రశ్న మళ్లీ వస్తుంది. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తింపు కార్డులు ఉంటాయి. ఇది మనవాడు, ఇది పరాయివాడు అని రోగనిరోధక వ్యవస్థ వాటిని బట్టి పోల్చుకుంటుంది. 1980ల నుంచి చాలా దేశాల వారు రుమాటిక్ రోగుల్లో ఏ కార్డు ఎక్కువగా ఉందో వెతికారు. అమెరికా తెల్లవారిలో డీఆర్4, నల్లవారిలో డీఆర్2, ఉత్తర భారతంలో డీఆర్3, బ్రెజిల్‌లో డీఆర్7. ప్రతి చోటా ఒక జవాబు దొరికింది, ఒక చోటి జవాబు ఇంకో చోట సరిపోలేదు. డీ8/17 అనే మరో గుర్తు న్యూయార్క్, రష్యా, మెక్సికో, చిలీ రోగుల్లో దాదాపు అందరిలో కనిపించిందని 1989లో పెద్ద వార్త అయింది. ఉత్తర భారతంలో చూస్తే మూడింట రెండు వంతుల మందిలోనే ఉంది. ఒక్క రక్తపరీక్షతో ముప్పు ఉన్న పిల్లల్ని ముందే ఏరవచ్చన్న ఆశ అక్కడితో సన్నగిల్లింది.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న రెండు పరిశోధనలు ఇక్కడ చెప్పుకోదగ్గవి. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన లోపం భారతీయుల్లో నూటికి నలుగురిలో ఉందని 2009లో చూపారు. పెద్ద వయసులో గుండె కండరం బలహీనపడే ముప్పును అది పెంచుతుంది. అది ఏ ఒక్క కులానికో మతానికో పరిమితం కాదు, దేశమంతటా చాలా సమూహాల్లో ఉంది. 2010లో ప్రచురించిన మరో పరిశోధన భారతీయ ముస్లింల వంశమూలాలను చూసింది. పశ్చిమాసియా, ఆఫ్రికా జాడలు కొద్దిగా ఉన్నా, ఎక్కువ భాగం పక్కింటి ముస్లిమేతరులతో కలిసిపోతుందని తేలింది. కాబట్టి ‘మనవాళ్లకు ఈ జబ్బు ఎక్కువట’ అని ఎవరైనా అంటే, రక్తంలో కారణం వెతికే ముందు ఇంటి కొలతలు అడగాలి. యూరప్‌లో, అమెరికాలో పెన్సిలిన్ రాకముందే ఈ జ్వరం తగ్గుముఖం పట్టింది. అక్కడ అప్పటికి జన్యువులేవీ మారలేదు, ఇళ్లు మారాయి.

ఒకే చీటీకి రెండు కొలతలు

ఇప్పుడు చీటీకి వద్దాం. రుమాటిక్ జ్వరాన్ని ఏ ఒక్క పరీక్షా నిర్ధారించలేదు. 1944లో డకెట్ జోన్స్ అనే అమెరికా వైద్యుడు కొన్ని లక్షణాల పట్టిక తయారుచేశారు. పెద్ద లక్షణాలు ఇన్ని, చిన్న లక్షణాలు ఇన్ని ఉంటేనే జబ్బు అనాలని నియమం. ఈ పట్టికను 2015లో సవరించినప్పుడు చాలా ముఖ్యమైన మార్పు చేశారు. జబ్బు అరుదైన ప్రాంతాలకు ఒక కొలత, జబ్బు ఎక్కువున్న ప్రాంతాలకు ఇంకో కొలత. ఈఎస్‌ఆర్ అనే పరీక్షలో మొదటి చోట 60 దాటితేనే లెక్క, రెండో చోట 30 చాలు. మొదటి చోట చాలా కీళ్లు వాయాలి, రెండో చోట ఒక్క కీలు వాచినా పెద్ద లక్షణమే. జ్వరం అక్కడ 38.5 డిగ్రీలు, ఇక్కడ 38. ఈఎస్‌ఆర్ 40 ఉండి, ఒక మోకాలు వాచిన పిల్లవాడిని ఊహించండి. ఒక కొలతతో అతనికి ఏమీ లేదు, ఇంకో కొలతతో జబ్బు ఉండవచ్చు. ఏ కొలత వాడాలో నిర్ణయించేది తోలు రంగు కాదు, ఆ ప్రాంతంలో జబ్బు ఎంత ఉందన్నది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కూలీల గదులకు యూరప్ కొలత వాడితే పిల్లలు జారిపోతారు.

ఈసీజీకీ ఇందులో చోటుంది. కర్ణిక నుంచి జఠరికకు సంకేతం చేరే సమయాన్ని పీఆర్ విరామం అంటారు. మామూలుగా సెకనులో ఐదో వంతు దాటదు. రుమాటిక్ జ్వరంలో అది సాగుతుంది. జోన్స్ పట్టికలో ఇదొక చిన్న లక్షణం. వాపు గుండె తీగలను తాకిందనడానికి తొలి సూచన కావచ్చు.

ఏఎస్‌ఓ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం దీని దగ్గరే. ఈ పరీక్ష పిల్లవాడికి ఇటీవల స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే చెబుతుంది. రుమాటిక్ జ్వరం ఉందని చెప్పదు. ఇరుకు బస్తీల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఇది ఎక్కువగానే ఉండవచ్చు. కాళ్ల నొప్పులని తీసుకెళితే ఏఎస్‌ఓ 400 ఉందని ఏళ్ల తరబడి పెన్సిలిన్ పొడిచిన సందర్భాలు ఉన్నాయి. మరోవైపు, నిజంగా జ్వరం వచ్చిన పిల్లల్లో సుమారు ఐదింట ఒక వంతు మందికి ఏఎస్‌ఓ పెరగదు. అంటే అంకె ఎక్కువుంటే జబ్బు, తక్కువుంటే క్షేమం అనే లెక్క రెండు వైపులా తప్పు. దరఖాస్తుకు ఏఎస్‌ఓ చీటీ ఒక్కటే జతచేసి ‘గుండె జబ్బు’ అని రాస్తే, ఎకో రిపోర్టు అడగండి. సీఆర్‌పీ కూడా అంతే. మన ప్రాంతంలో అది పెరగడానికి కారణాలకు కొదవ లేదు. చిగుళ్ల వాపు, పొట్ట కొవ్వు, బీడీ, పొగ. హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న 28 గ్రామాల్లో జరిపిన ఒక అధ్యయనంలో గాలిలో సన్నని ధూళి ఎక్కువున్న చోట మెడ రక్తనాళాల గోడలు మందంగా కనిపించాయి. అవి పల్లెలు. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కాలుష్యం కేసు ఉన్న పటాన్‌చెరులో గాలి సంగతి వేరే చెప్పాలా?

ఎకో ప్రాముఖ్యం ఎంతో ఒక లెక్క చెబుతాను. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 6,270 మంది బడి పిల్లల్ని పరీక్షించారు. స్టెతస్కోపుతో చూస్తే వెయ్యికి ఒకరి కంటే తక్కువ. ఎకోతో చూస్తే వెయ్యికి 20 మంది. స్టెతస్కోపుకు దొరకని ఆ పిల్లలకు జబ్బు మొదటి మెట్టు మీద ఉంటుంది. యుగాండాలో అలాంటి పిల్లలకు రెండేళ్లు నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. ఇచ్చినవారిలో జబ్బు ముదిరింది నూటికి ఒక్కరికంటే తక్కువ, ఇవ్వనివారిలో నూటికి ఎనిమిది మంది. 2021లో వచ్చిన ఫలితం ఇది. సర్కారు బడుల్లో 2013 నుంచి జరిగే బాలల ఆరోగ్య పరీక్షల జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది. ఆ బృందం బడికి వచ్చిన రోజు పిల్లవాడు బడిలో ఉండాలి, అంతే. ఇటుక బట్టీల, కంపెనీ గదుల పిల్లలు ఆ రోజు ఉంటారా అన్నదే మా ఉపాధ్యాయులకు తెలిసిన బాధ.

జబ్బు నిర్ధారణ అయితే మందు పాతదే, చవకదే. బెంజథిన్ పెన్సిలిన్. మన దేశంలో 21 రోజులకొకసారి. 27 కిలోలు దాటిన పిల్లలకు 12 లక్షల యూనిట్లు, లోపు వారికి 6 లక్షలు. గుండెకు తగలకపోతే ఐదేళ్లు లేదా 18 ఏళ్లు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. గుండెకు కొద్దిగా తగిలి మానితే పదేళ్లు లేదా 25 ఏళ్ల దాకా. బాగా దెబ్బతింటే జీవితాంతం. పన్నెండేళ్ల పిల్లకు గుండెకు తగిలిందనుకోండి. ఏడాదికి 17 చొప్పున 25 ఏళ్లు వచ్చేసరికి 220 పైచిలుకు ఇంజెక్షన్లు. నొప్పి పుట్టించే ఇంజెక్షన్. రియాక్షన్ వస్తుందేమోనని చాలా చిన్న క్లినిక్కుల వాళ్లు వేయరు. కూలి మానుకొని, పిల్లను తీసుకొని, అన్ని వసతులూ ఉన్న సర్కారు దవాఖానకు పోవాలి. ఆ ఏళ్లలో కుటుంబం ఎన్ని గదులు మారుతుందో, ఎన్నిసార్లు బీహారుకో ఒడిశాకో పోయి వస్తుందో. మధ్యలో రెండు మూడు తప్పితే జ్వరం మళ్లీ రావచ్చు, కవాటం ఇంకో మెట్టు దిగవచ్చు.

ఇక్కడ దాతలతో ఒక మాట. కవాటం మార్పిడికి లక్షల రూపాయలు జమచేసి ఇవ్వడం కంటికి కనిపించే సహాయం. ఫోటో కూడా వస్తుంది. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆరోగ్యశ్రీలో కవాటాల చికిత్సలు ఉన్నాయి. ఎవరి పథకంలోనూ లేనివి బస్సు చార్జీ, పోయిన కూలి, గుర్తుచేసే మనిషి. ఆపరేషన్ తర్వాత కథ కూడా అంతే. లోహపు కవాటం వేసినవారు, ద్విపత్ర కవాటం ఇరుకై ఏఎఫ్ వచ్చినవారు రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. కొత్తగా వచ్చిన ఖరీదైన మాత్రలు రుమాటిక్ రోగులకు మేలేమో అని 24 దేశాల్లో 4,500 మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం పాత మాత్రలదే పైచేయి అని చెప్పింది. ఆ రోగుల సగటు వయసు 50, అందులో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆడవాళ్లు. పాత మాత్ర చవక. దానికి నెలనెలా ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష తప్పదు. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. గోంగూర, తోటకూర మానేయాల్సిన పని లేదు, ఒక వారం కట్టలు కట్టలు తిని ఇంకో వారం ముట్టకపోతేనే చిక్కు. రంజాన్ ఉపవాసాలకు మాత్ర వేళ మార్చుకోవాలంటే, పెళ్లయిన ఆడపిల్ల గర్భం కోరుకుంటే, ముందుగా డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్ర తొలి నెలల్లో కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

క్యూబాలోని పినార్ దెల్ రియో రాష్ట్రంలో 1986 నుంచి పదేళ్ల పాటు ఒక కార్యక్రమం నడిపారు. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు గొంతు నొప్పి గురించి చెప్పడం, రోగుల రిజిస్టరు పెట్టడం, తేదీ తప్పినవారి ఇంటికి పోయి పిలవడం. లక్ష మందికి 18 చొప్పున ఉన్న కొత్త కేసులు 3 లోపుకు దిగాయి. అక్కడ జరిగిన పని అంతా ప్రధానంగా రిజిస్టరు పనే.

సంగారెడ్డి, పటాన్‌చెరు మధ్య అలాంటి రిజిస్టరు ఒకటి పెట్టడానికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక ఫోను, నెలకు కొంత గౌరవ వేతనం తీసుకునే ఒక చదువుకున్న అమ్మాయి చాలు. పేరు, గది ఉన్న బస్తీ, బడి, బరువు, ఎకో తేదీ, ఇంజెక్షన్ మోతాదు, వేసిన తేదీ, తర్వాతి తేదీ. ఈ వివరాలే ఒక అట్ట కార్డు మీద కూడా రాసి తల్లి చేతికివ్వాలి. తెలుగుతో పాటు హిందీలోనూ రాయాలి. కుటుంబం సొంత ఊరికి పోయినా అక్కడి నర్సు ఆ కార్డు చూసి తర్వాతి ఇంజెక్షన్ వేయగలగాలి.